అదే అరలో జవాబు



ఈరోజు మన లైబ్రరీల గురించి మాట్లాడుకుందాం. భవనాల గురించీ కుర్చీల గురించీ, పోటీ పరీక్షల పుస్తకాలు చాలడం లేదన్న సంగతి గురించీ తరచూ మాట్లాడుకుంటూనే ఉంటాం. నేను మాట్లాడదలచింది బీరువాల్లో ఉన్న పాత పుస్తకాల గురించి. మన కులాల గురించి, తండాల గురించి, గూడేల గురించి వందేళ్ల కింద తెల్లదొరలు ఏం రాశారు? ఆ రాతలు చదివే మన పిల్లలకు మనం ఏం చెప్పాలి? ఇదీ నా విషయం.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాదును మనం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఈ మూడు జిల్లాల్లో లంబాడాలున్నారు, కోయలున్నారు, నాయకపోడ్లున్నారు, ఎరుకలవాళ్లున్నారు. మాదిగ, మాల వాడలున్నాయి. చిందు కళాకారులున్నారు. ఈ ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు పొద్దున్నే అన్నం డబ్బా సంచిలో పెట్టుకొని లైబ్రరీకి వచ్చి గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకుంటున్నారు. తెలంగాణ సమాజం, సంస్కృతి వాళ్ల సిలబస్‌లోనే ఉంది. అలా చదువుతున్న ఒక తండా అమ్మాయి తన వాళ్ల గురించి పాత ఆధారం ఏముందా అని వెతికితే ఏం దొరుకుతుంది? నేరుగానో, గైడు పుస్తకాల ద్వారానో చివరికి తేలేది 1909లో మద్రాసులో అచ్చయిన ఏడు సంపుటాల దగ్గర.

ఆ ఏడు సంపుటాల పేరు 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'. రాసినవాడు ఎడ్గర్ థర్‌స్టన్, సాయం చేసినవాడు కె. రంగాచారి. థర్‌స్టన్ 1885 నుంచి మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణ దేశంలోని కులాలనూ తెగలనూ ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చి, ఒక్కొక్కరి గురించి రాసుకుంటూ పోయాడు. కోయలూ లంబాడాలూ నాలుగో సంపుటంలో వస్తారు.

ఆ పుస్తకం తెరిచి చూడండి. ఫలానా కులం పేరు ఉంటుంది. వాళ్ల పుట్టుక గురించి ఎవరో చెప్పిన కథ ఉంటుంది. పెళ్లి తంతు, చావు తంతు, తిండి, బట్ట, నగ ఉంటాయి. చాలాచోట్ల ఫొటో ఉంటుంది, ఫొటోలో నిలబడ్డ మనిషి పేరు మాత్రం ఉండదు. మరికొన్ని చోట్ల అంకెలుంటాయి. అవి తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు. థర్‌స్టన్ కొలిచే పరికరాలు వెంట పెట్టుకొని ఊళ్లు తిరిగాడు. పోలీసు అధికారులకు కూడా ఈ కొలతల పాఠాలు చెప్పాడు. వయనాడ్‌లో పణియ స్త్రీలు ఆయన్ను చూడగానే పారిపోయారట. తమలో మంచి వాళ్లను ఏరి, చంపిన జంతువుల్లో గడ్డి కూరినట్టు కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడని భయపడ్డారట. ఈ సంగతి థర్‌స్టనే రాశాడు, చదివేవాళ్లకు వినోదంగా ఉంటుందని. కానీ ఆ స్త్రీలు సరిగ్గానే పసిగట్టారు. ప్రాణం తీయకపోయినా, మనిషిని నమూనా చేసే పని అక్కడ జరుగుతూనే ఉంది.

ఈ కొలతల వెనక ఒక సిద్ధాంతం ఉంది. 1901 జనగణనకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సమాజంలో మనిషి అంతస్తు తగ్గుతుందని వాదించాడు. పుట్టుకను బట్టి, ముఖకవళికను బట్టి మనిషికి విలువ కట్టడం కన్నా జాతి వివక్ష ఇంకేముంటుంది? ఇవాళ ఏ శాస్త్రమూ దాన్ని ఒప్పుకోదు. అయినా ఆ అంకెలు శాస్త్రం వేషంలో మన బీరువాల్లో కూర్చొని ఉన్నాయి, పక్కన ఒక్క హెచ్చరిక మాటైనా లేకుండా.

పుస్తకంలో ఉంటే ఏమైంది, ఎవరికి నష్టం అనుకోవచ్చు. నష్టం జరిగింది. ఇలాంటి పుస్తకాల్లోని చూపే చట్టంలోకీ ఎక్కింది, చట్టం పోలీసు ఠాణాకు చేరింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. కొన్ని తెగలు మొత్తానికి మొత్తం నేరస్థులన్నది దాని సారం. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ల పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు పడ్డాయి. రోజూ హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా ఏర్పడ్డ సెటిల్‌మెంటే. నిజాం రాజ్యంలోనూ ఇలాంటి నిబంధనలే వచ్చి లంబాడాలు పోలీసు నిఘా కిందికి వెళ్లారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఐదేళ్లు ఆగి, 1952 ఆగస్టు 31న గాని ఆ చట్టం రద్దు కాలేదు. చట్టమైతే పోయింది. ఆ చట్టానికి సాక్ష్యాలుగా పనికొచ్చిన పుస్తకాలు మాత్రం రెఫరెన్స్ విభాగంలో ఉన్నాయి. వాటిని చదివినవాళ్లు రాసిన పుస్తకాలు ఉన్నాయి. ఆ పుస్తకాల్లోంచి ఎత్తిరాసిన గైడ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. లంబాడాలు అసలు ఎవరు? వాళ్లు వర్తకులు. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కన్ అంతటా తిరిగేవాళ్లు. ఆ బిడారు వ్యాపారాన్ని వాళ్లు లదేణి అంటారు. మొగలు సైన్యాలకు తిండి మోసింది వాళ్లే, తర్వాత ఇంగ్లీషు సైన్యాలకు మోసిందీ వాళ్లే. మరి ఆ బతుకు ఎలా పోయింది? సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా రైలు పట్టాలు పడ్డాయి. 1889 నాటికి బెజవాడ దాకా రైలు పోయింది. జనగామ, మానుకోట, డోర్నకల్ స్టేషన్లు ఆ దారిలోవే. ఉప్పు రైలెక్కింది, ధాన్యం రైలెక్కింది, ఎద్దుకు పని పోయింది. అడవిలో మేపుకుందామంటే పుల్లరి, రిజర్వు అడవి, గార్డు. తరతరాల జీవనోపాధిని తీసేసి, ఊరి బయట ఆగిన మనిషిని దొంగ అన్నారు.

ఈ కథను ఆధారాలతో రాసిన చరిత్రకారుడు ఆచార్య భంగ్యా భూక్యా. లంబాడా సమాజం నుంచి వచ్చినవారే. నిజాంల పాలనలో లంబాడాల చరిత్ర మీద ఆయన పుస్తకం 'సబ్‌జుగేటెడ్ నోమాడ్స్' 2010లో వచ్చింది. థర్‌స్టన్ దగ్గర 'ఈ జాతి ఇలాంటిది' అన్న తీర్పు ఉంటుంది. భూక్యా దగ్గర 'ఈ జాతికి ఇలా జరిగింది' అన్న చరిత్ర ఉంటుంది. రెండూ చదివిన విద్యార్థికి విషయం బోధపడుతుంది. మొదటిది మాత్రమే చదివినవాడికి అబద్ధమే బోధపడుతుంది. అందుకే నేను ఇవాళ చెప్పదలచింది ఒక్కటే మాట. ఆ పాత పుస్తకం ఏ అరలో ఉందో, అదే అరలో దానికి జవాబు కూడా ఉండాలి.

అర అంటే గుర్తొచ్చింది, లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడ పెట్టాలో చెప్పే పద్ధతిలోనే ఒక చూపు దాగి ఉంది. మన పబ్లిక్ లైబ్రరీల్లో ఎక్కువగా వాడేది డ్యూయీ పద్ధతి. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో తయారుచేశాడు. తెలుగు సాహిత్యం పుస్తకం వీపు మీద చీటీ చూడండి, 894.827 అని ఉంటుంది. అమెరికా సాహిత్యానికి 810, ఇంగ్లీషుకు 820, జర్మన్‌కు 830, ఫ్రెంచికి 840. ఇలా యూరపు భాషలకు తలా ఒక పదేసి అంకెలు పంచి, మిగిలిన ప్రపంచ భాషలన్నిటినీ 890లో కుక్కాడు. మతం విభాగమూ అంతే. 220 నుంచి 280 దాకా క్రైస్తవం, లోకంలోని తక్కిన మతాలన్నీ 290ల్లో. పన్నెండు, పదమూడో శతాబ్దాల పాల్కురికి సోమనాథుడు, పదిహేనో శతాబ్దపు పోతన మన జనగామ సీమవాళ్లే. వాళ్ల కావ్యాలు ఉండేది ఆ 'మిగిలినవి' అన్న గదిలోనే.

ఆ పద్ధతిని ఎదిరించినవాళ్లున్నారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1930 నుంచి పనిచేసిన నల్లజాతి లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్ గురించి మన గ్రంథపాలకులు తప్పకుండా తెలుసుకోవాలి. అప్పట్లో నల్లవాళ్లు కవిత్వం రాసినా, చరిత్ర రాసినా అమెరికా లైబ్రరీలు ఆ పుస్తకాలను రెండే రెండు అంకెల కింద పెట్టేవి. ఒకటి 326, అంటే బానిసత్వం. ఇంకొకటి 325, అంటే వలస. పోర్టర్ ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టింది. ఒక ఉద్యోగి తన బల్ల దగ్గర కూర్చొని చేసిన పని అది. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకం మీద డ్యూయీ పేరు తీసేసింది. ఆయన నడిపిన క్లబ్బు యూదులకూ నల్లవాళ్లకూ ప్రవేశం లేకుండా చేసిందన్నది అందుకు ఒక కారణం.

మన దగ్గర 325, 326 లాంటిది ఏది? నా దృష్టిలో అది 398. జానపదం. సమ్మక్క, సారలమ్మల గాథను కోయలు చరిత్రగా పాడుకుంటారు. డోలి కళాకారులు ఆ పాట పాడేటప్పుడు పడిగె విప్పుతారు. పడిగె అంటే త్రికోణపు గుడ్డ. దాని మీద తమ గట్టు, తమ గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ పెద్ద ఏం చేశాడో బొమ్మల్లో ఉంటుంది. పాడేవాడు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి కథ చెబుతాడు. అది ఆ వంశం దస్తావేజు. రాజు వేయించిన రాతిశాసనం చరిత్ర అయినప్పుడు, గూడెం దాచుకున్న పడిగె ఎందుకు చరిత్ర కాదు? లంబాడాల వంశావళులు భాట్‌ల నోట ఉన్నాయి. వాటినీ జానపదం అని ఒక మూలకు తోసేస్తున్నాం. వాటిని చరిత్ర అరలో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, లైబ్రేరియన్ మనసు పెడితే చాలు.

వలస పాలన మన నుంచి తీసుకున్నది ఇంకొకటి ఉంది, అది మనవాళ్లు చేసిన పనికి గుర్తింపు. కల్నల్ కాలిన్ మెకెంజీ సేకరించిన కైఫీయత్తులు అనే ఊళ్ల వృత్తాంతాలు, శాసనాలు తెలుగువాళ్ల చరిత్రకు పెన్నిధి. ఆయనకు ఆ సేకరణ సాధ్యం చేసినవాళ్లు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. 1821లో మెకెంజీ పోయాక, ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1830ల్లో ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఏమన్నాడు? అంత పెద్ద పనిని నడిపించే బుర్ర వేరే ఉండాలని, అది లక్ష్మయ్య వల్ల కాదని తేల్చాడు. ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, తాళపత్రాలు చదివి అర్థం చెప్పిన మనిషికి సేకరించే అర్హత ఉంది, విశ్లేషించే అర్హత లేదట. ఈనాటికీ అది మెకెంజీ కలెక్షన్. కేటలాగులో కావలి సోదరుల పేర్లు కూడా రాస్తే ఆ అన్యాయం కొంతైనా తీరుతుంది.

ఈ తెల్ల దొరతనాన్ని మొహం మీదే నిలదీసిన గొంతు ఒకటి మన డోర్నకల్‌కు చెందింది. బిషప్ వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి మన ప్రాంతంలో తెలుగు నేర్చుకొని పనిచేశారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మాకు సేవ చేస్తున్నారు, దానం చేస్తున్నారు, కానీ మాతో సమానంగా కూర్చోవడం లేదు, మాకు కావలసింది మీ స్నేహం అన్న భావంతో మాట్లాడారు. ఆ సభలో అది చాలామందికి మింగుడుపడలేదు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. మన ప్రజల గురించి మిషనరీలు రాసిన పుస్తకాలు ఉన్న లైబ్రరీలో అజరయ్య ప్రసంగమూ ఉండాలి.

ఇంతవరకు తెల్లవాళ్ల గురించే చెప్పాను. మన వాటా కూడా చెప్పుకోకపోతే ఈ మాటలకు విలువ ఉండదు. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద 1920లో అచ్చయిన పెద్ద పుస్తకం సయ్యద్ సిరాజుల్ హసన్‌ది. ఆయన మనవాడే, కానీ నడిచింది అదే బాట. థర్‌స్టన్‌కు ఊరిలో సమాచారం ఇచ్చిందెవరు? చదువుకున్న పైకులాలవాళ్లు. కింది కులాల మీద వాళ్లకున్న చిన్నచూపే అచ్చులోకి ఎక్కింది. దొర జాతి వివక్షా మన కుల వివక్షా ఆ పేజీల్లో చేయి చేయి కలిపాయి. 1901లో హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టి, నిజాం రాజ్యంలో తెలుగుకు నిలువనీడ ఇచ్చాయి. ఆ మహనీయుల రుణం తీరేది కాదు. అయినా లంబాడాల గోర్ బోలికి గాని, కోయ మాటకు గాని ఆ ఉద్యమంలో చోటు దొరకలేదు. ఆ పని మనకు మిగిలింది.

అలాగని పాత పుస్తకాలు రాసినవాళ్లంతా ఒకటే అనడం న్యాయం కాదు. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల్లో నిజాం రాజ్యంలోని గిరిజనుల మధ్య ఉండి, వాళ్ల భూములు ఎలా పోతున్నాయో ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. గోండీలో బడి పుస్తకాలకు దారి వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో, సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటి ప్రతులు మన జిల్లా గ్రంథాలయాల్లోనూ ఉండాలని అడిగే హక్కు మనకు ఉంది. ఫొటోలో ఉన్న తాతను గుర్తుపట్టి, పేరు చెప్పగలిగేవాళ్లు గూడేల్లో ఇంకా ఉంటారు.

మరి థర్‌స్టన్‌ను తీసి పారేద్దామా? వద్దు. పుస్తకం తీసేస్తే చేసిన తప్పుకు సాక్ష్యం పోతుంది. ఒక తెగను ఏ మాటలతో నేరస్థుల జాబితాకెక్కించారో తెలియాలంటే ఆ మాటలు కళ్లముందు ఉండాలి. పైగా ఆ పేజీల్లోనే మన పాత పండుగలు, పాత నగలు, వదిలేసిన ఆచారాల జాడలూ ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ ఆ వంశాల వాళ్లే ఆ పుస్తకాల దగ్గరికి వస్తున్నారు. కాబట్టి పుస్తకం ఉండాలి, ఒంటరిగా ఉండకూడదు.

చేయవలసిన పనులు పెద్ద ఖర్చువేమీ కావు. అలాంటి ప్రతి పుస్తకం అట్ట లోపల ఒక చీటీ అంటించాలి. ఇది ఏ సంవత్సరంలో, ఏ ప్రభుత్వం కోసం, ఏ నమ్మకంతో రాసింది, ఇందులోని ముక్కు కొలతల సిద్ధాంతం తప్పని ఎప్పుడో తేలింది, దీనికి జవాబుగా ఫలానా పుస్తకం ఇదే అరలో ఉంది, అని నాలుగు వాక్యాలు తెలుగులో రాస్తే చాలు. రెండోది, కేటలాగులో 'నేరస్థ తెగలు' అన్న శీర్షిక ఇంకా ఎక్కడైనా ఉంటే కొట్టేసి, విముక్త జాతులు అని రాయాలి. మూడోది, కొనుగోళ్లు. భంగ్యా భూక్యా పుస్తకాలు ప్రతి జిల్లా కేంద్రంలో ఉండాలి. తండా బతుకును కథల్లోకి తెచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం తండా పిల్లలకు తమ ఊరి లైబ్రరీలోనే దొరకాలి.

నాలుగోది అన్నిటికన్నా తొందర పని. అచ్చులో లేని జ్ఞానం మనుషుల గొంతులో ఉంది, ఆ మనుషులు వెళ్లిపోతున్నారు. సమ్మక్క, సారలమ్మల గాథను డోలి మీద పాడిన పద్మశ్రీ సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. మన జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు అదే ఏడాది చిందు యక్షగానానికి పద్మశ్రీ వచ్చింది. అలాంటి పెద్దలను పిలిచి పాడించి, లైబ్రరీలో రికార్డు చేయాలి. చేసేటప్పుడు పాత తప్పు మళ్లీ చేయవద్దు. వాళ్ల ఒప్పుదల ముందు తీసుకోవాలి. కేటలాగులో మొదట రాయవలసింది పాడినవాళ్ల పేరు, సేకరించినవాళ్ల పేరు తర్వాత. ఒక ప్రతి ఆ ఊరికే ఇవ్వాలి. బయటివాళ్లకు వినిపించకూడని పాట ఇది అని గూడెం పెద్దలంటే ఆ మాట కాదనకూడదు.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్లకు ఒక ఉదాహరణ. అహ్మదాబాదులో ఛారానగర్ అని ఒక వాడ ఉంది. అక్కడ ఉండే ఛారాలు కూడా ఒకప్పుడు నేరస్థ తెగ ముద్ర పడ్డవాళ్లే. 1998లో రచయితలు మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీల చొరవతో అక్కడ ఒక చిన్న లైబ్రరీ పెట్టారు. అందులో చదువుకున్న పిల్లలే బుధన్ థియేటర్ అనే నాటక సమాజం పెట్టి, తమ మీద పడ్డ ముద్ర గురించి దేశమంతా తిరిగి నాటకాలాడారు. పుస్తకాల వల్ల పడ్డ మచ్చను ఒక లైబ్రరీయే తుడవడం మొదలుపెట్టింది.

శ్రోతలారా, మన రాష్ట్రంలో గ్రంథాలయాలు నడిచేది ముఖ్యంగా ప్రజలు ఇంటిపన్నుతో పాటు కట్టే గ్రంథాలయ పన్ను మీద. రూపాయికి ఎనిమిది పైసలు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. అక్కడి ఇళ్ల నుంచీ ఆ పైసలు వస్తున్నాయి. తన గురించి అవమానంగా రాసిన పుస్తకాన్ని కాపాడటానికి పన్ను కట్టే మనిషికి, తన మాట కూడా అక్కడ ఉండాలని అడిగే హక్కు లేదా? ఉంది. ఈసారి జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాల కొనుగోలు జాబితా తయారుచేసే ముందు తండా సర్పంచులు, గూడెం పెద్దలు, లైబ్రరీలో చదువుకుంటున్న పిల్లలు కలిసి ఒక దరఖాస్తు రాయండి. కావలసిన పుస్తకాల పేర్లు రాయండి. మీ ఊళ్లో పాడగలిగిన పెద్దల పేర్లు రాయండి. దరఖాస్తుకు రసీదు అడిగి తీసుకోండి, నెల తర్వాత వెళ్లి ఏమైందో కనుక్కోండి. గ్రంథపాలక మిత్రులకు కూడా ఒక విన్నపం. ఆ దరఖాస్తు మీ బల్ల మీదికి వచ్చేదాకా ఆగకండి. మొదటి చీటీ మీరే రాసి అంటించండి.